ఓడిన పాఠశాలకు మళ్ళీ ఆట ఎప్పుడు?

పోయిన ఏడాది ఆగస్టులో ఒక శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా మేనల్లుణ్ణి నిద్ర లేపి, పెరంబూరులోని మా ఇంటి నుంచి చెన్నై దక్షిణపు కొసన ఉన్న ఒక మైదానానికి తీసుకువెళ్ళాను. అక్కడ పాఠశాలల మధ్య రగ్బీ సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే రగ్బీ, పోటీ జరుగుతోంది. మొత్తం 16 పాఠశాలల జట్లు వచ్చాయి. ఏడు గంటలకు మొదలు కావలసిన మావాళ్ళ మ్యాచ్ తొమ్మిదింటికి మొదలైంది. సెవెన్స్‌లో ఒక్కో భాగం 7 నిమిషాలు, రెండూ కలిపితే 14. ఆ 14 నిమిషాల్లో మావాళ్ళు రెండు ట్రైల (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకించి చేసే స్కోర్ల) తేడాతో ఓడిపోయారు. బెంచి మీద ఉన్న మా మేనల్లుడికి చివరి 4 నిమిషాలు ఆడే అవకాశం దక్కింది. ఆ కాసేపట్లోనే అతను బంతితో పరిగెత్తేవాణ్ణి పట్టి పడేసి ఒక మంచి ట్యాకిల్ చేశాడు, ఒకసారి బంతిని ముందుకు జారవిడిచాడు. పోటీ నాకౌట్ పద్ధతిలో జరుగుతోంది కనుక వాళ్ళ పాఠశాలకు ఆ రోజుతో పాటు ఆ ఏడాది రగ్బీ కూడా అక్కడితో ముగిసింది. తిరుగు బస్సు సెంట్రల్ దాటాక అతను, "మామయ్యా, మాకు మళ్ళీ మ్యాచ్ ఎప్పుడు?" అని అడిగాడు. నాకు తెలియక, ముందు సీటులో కూర్చున్న వాళ్ళ పీటీ మాస్టారిని అడిగాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి పదేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న మనిషి ఆయన. కాసేపు ఆలోచించి, "వచ్చే ఆగస్టులోనండీ" అన్నారు.

నేను రైలు పెట్టెల కర్మాగారంలో చాలా ఏళ్ళు పని పట్టికలు వేసే విభాగంలో ఉన్నాను. ఏ భాగం ఏ రోజు ఏ బల్ల మీదికి చేరాలి, ఎక్కడ ఎవరు ఖాళీగా కూర్చుంటున్నారు అన్నది చూడటమే నా ఉద్యోగం. అందువల్ల ఆ రాత్రి కాగితం మీద ఆ పోటీ లెక్క వేయకుండా ఉండలేకపోయాను. 16 జట్ల నాకౌట్‌లో మొత్తం 15 మ్యాచ్‌లు జరుగుతాయి. అందులో 8 పాఠశాలలు ఒక్కొక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి, మరో 4 రెండేసి ఆడతాయి, ఫైనల్ చేరిన రెండు మాత్రమే నాలుగేసి ఆడతాయి. అంటే అప్పటికే బాగా ఆడగలిగిన కుర్రాళ్ళకు ఎక్కువ ఆట, ఇంకా నేర్చుకోవలసిన వాళ్ళకు తక్కువ ఆట దక్కుతుంది. వెనకబడిన పిల్లవాణ్ణి తరగతి గదిలోంచి ముందుగా ఇంటికి పంపే బడిని మనలో ఎవరమూ ఒప్పుకోము, కానీ మైదానంలో మాత్రం ఏటా అదే పని చేస్తున్నాం. పాఠశాలల రగ్బీ పోటీ ఏదైనా సరే, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయిన పాఠశాలలో జట్టు చివర ఉన్న కుర్రాడు ఆ ఏడాది మొత్తం మీద ఎన్ని నిమిషాలు మైదానంలో గడిపాడన్న లెక్కతోనే దాని మంచిచెడ్డలు తేల్చాలన్నది నా వాదన. ఆ లెక్కన చూస్తే మా నగరంలో మనం నడుపుతున్న పద్ధతి తప్పు.

ఈ పద్ధతి మనకు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆ తప్పు ఇంకా స్పష్టమవుతుంది. సెవెన్స్ ఆట 1883లో స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్ అనే చిన్న ఊరిలో పుట్టింది. నెడ్ హేగ్ అనే కసాయి తమ క్లబ్బుకు డబ్బు సమకూర్చడానికి ఒక క్రీడల రోజు పెట్టి, అందులో రగ్బీ కూడా ఉండాలని కోరాడు. 15 మందితో పూర్తి నిడివి ఆటలు ఒక్క మధ్యాహ్నంలో చాలా జట్లకు కుదరవు కనుక మనుషుల్నీ సమయాన్నీ తగ్గించారు, ఓడినవాళ్ళు తప్పుకునే పద్ధతి పెట్టారు. చందా పోగుచేసే ఒక సాయంత్రానికి అది చక్కని ఏర్పాటు. నూటనలభై ఏళ్ళ తర్వాత, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఏడాది పొడవునా దొరికే ఏకైక పోటీగా అదే రూపం మిగిలిపోవడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

నిర్వాహకుల కష్టాలు నాకు తెలుసు. మైదానం ఒక్క రోజుకే దొరుకుతుంది, రిఫరీలు నలుగురైదుగురే ఉంటారు, అంబులెన్సును గంటల లెక్కన పిలవాలి. దీనికి తోడు తమిళనాడు పాఠశాల క్రీడలన్నీ జోన్, రెవెన్యూ జిల్లా, రాష్ట్రం అనే మెట్ల మీద నడుస్తాయి. ఒక్కో మెట్టు మీద ఒక్కరు మిగలాలంటే నాకౌటే సులువు. పై మెట్టు ఎక్కినవాడికి సర్టిఫికెట్ వస్తుంది, ఆ సర్టిఫికెట్ రేపు కాలేజీలో క్రీడల కోటా సీటుకు పనికొస్తుంది కనుక తల్లిదండ్రులు కూడా ఆ మెట్ల గురించే అడుగుతారు. ఈ ఏర్పాటును తీసివేయమని నేను అనడం లేదు. జట్టును ఎంపిక చేయడం ఒక పని, పిల్లల చేత ఆడించడం మరొక పని. మొదటిదాని కోసం చేసిన నిచ్చెనను రెండోదానికి కూడా వాడుకుంటున్నామని, దానివల్ల రెండోది జరగడమే లేదని మాత్రమే అంటున్నాను.

మిగతా దేశాల్లో ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని నెలలు వెచ్చించాను. నన్ను అందరికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది దక్షిణాఫ్రికా. రగ్బీలో అంత బలమైన దేశంలో పెద్ద పాఠశాలల మధ్య ఆట ఎక్కువగా దేశవ్యాప్త లీగ్ పట్టిక మీద నడవదు. ప్రతి పాఠశాల తనకు సరిజోడీ అనుకున్న పాఠశాలలతో ఏటా శనివారాల మ్యాచ్‌లు కుదుర్చుకుంటుంది. పార్ల్ పట్టణంలో పార్ల్ బాయ్స్ హై, పార్ల్ జిమ్నేజియం అనే రెండు పాఠశాలలు 1915 నుంచి ఒకదానితో ఒకటి ఆడుతున్నాయి. ఆ మ్యాచ్‌కు ఊరంతా కదిలివస్తుంది. వార్తల్లో కనిపించేది మొదటి జట్ల మ్యాచే అయినా, అలాంటి పోటీల్లో చిన్న వయసుల జట్లూ, రెండో మూడో జట్లూ కూడా అవతలి పాఠశాలలోని తమ సమానులతో ఆడతాయి. మా మేనల్లుడిలా జట్టు చివర ఉన్న కుర్రాడు అక్కడ ఉంటే బెంచి మీద కూర్చోడు, రెండో జట్టులో మొదటి నిమిషం నుంచి ఆడతాడు. ఆ దేశంలోనే 1964లో ఈస్ట్ లండన్ నగరంలో మొదలైన క్రేవెన్ వీక్ అనే పోటీ ఉంది. ప్రాంతాల వారీగా ఎంపిక చేసిన పాఠశాల కుర్రాళ్ళ జట్లు అక్కడ ఆడతాయి. దానికి అధికారికంగా విజేత ఉండడు. చివరి రోజు చివరి మ్యాచ్‌ను ఆ వారం బాగా ఆడిన రెండు జట్లకు ఇస్తారు గానీ, దాన్ని ఫైనల్ అని పిలవరు. ఓడినంత మాత్రాన ఏ జట్టూ మధ్యలో ఇల్లు చేరదు. ఆ దేశపు రగ్బీలో ఎంతో పేరున్న డేనీ క్రేవెన్ పేరు పెట్టుకున్న పోటీ విజేతను ప్రకటించకుండా ఇన్ని దశాబ్దాలు నిలబడగలిగినప్పుడు, కప్పు లేకపోతే పిల్లలు రారన్న మాటను నేను నమ్మలేను.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెన్నై నుంచి విమానంలో గంటన్నర దూరంలో ఉంది. శ్రీలంకలో పాఠశాలల మధ్య మొదటి రగ్బీ మ్యాచ్ 1906లో క్యాండీలోని కింగ్స్‌వుడ్, ట్రినిటీల మధ్య జరిగింది. కొలంబోలోని రాయల్ కాలేజీకీ, క్యాండీలోని ట్రినిటీ కాలేజీకీ మధ్య 1945 నుంచి బ్రాడ్‌బీ షీల్డ్ పోటీ నడుస్తోంది. దాని కట్టుబాటు చాలా సరళం. ఒక మ్యాచ్ కొలంబోలో, ఒకటి క్యాండీలో ఆడతారు, రెండింటి పాయింట్లనూ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్ళకు షీల్డ్ ఇస్తారు. మొదటి మ్యాచ్ ఓడిన జట్టుకు కొద్ది వారాల్లోనే అదే ప్రత్యర్థితో రెండో మ్యాచ్ ఖాయం. ఎంత తేడాతో ఓడిందన్నది కూడా లెక్కకు వస్తుంది కనుక మొదటి మ్యాచ్ చివరి క్షణంలో ఆపిన ట్రై కూడా వృథా కాదు. రెండే పాఠశాలలు, రెండే మ్యాచ్‌లు చాలు. ఇలాంటిది పెట్టుకోవడానికి ఏ సంఘం అనుమతీ, ఏ పెద్ద బడ్జెట్టూ అవసరం లేదన్నది నన్ను ఆకట్టుకుంది. ఇద్దరు హెడ్మాస్టర్లు ఒక ఉత్తరం రాసుకుంటే జరిగిపోతుంది.

నాకౌట్‌ను సమర్థించేవాళ్ళు జపాన్‌ను చూపిస్తారు. ఆ వాదనను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే ఆ పోటీ అంటే నాకూ గౌరవమే. ఏటా డిసెంబరు చివరి నుంచి జనవరి మొదటి వారం దాకా హిగాషి ఒసాకాలోని హనాజోనో స్టేడియంలో జాతీయ హైస్కూలు రగ్బీ పోటీ జరుగుతుంది. 1918లో మొదలైన పోటీ అది. మామూలు సంవత్సరాల్లో ప్రిఫెక్చర్లనే, మన రాష్ట్రాల వంటి, ప్రాంతాల విజేతలుగా 51 పాఠశాలలు అక్కడికి వస్తాయి, ఓడిన జట్టు తప్పుకుంటుంది. ఒక్కో భాగం 30 నిమిషాలు. స్కోరు సమమైతే పిల్లల చేత అదనపు సమయం ఆడించరు. ట్రైల సంఖ్య వంటివి చూస్తారు, అవి కూడా సమమైతే ఇద్దరు కెప్టెన్లు చీటీ తీస్తారు. ఫైనల్‌లోనే సమమైతే ఇద్దరినీ విజేతలుగా ప్రకటిస్తారు. అలసిపోయిన పిల్లల ఒళ్ళు కప్పు కంటే విలువైనదని ఒప్పుకున్న నియమమది. చీటీలో ఓడిన కెప్టెన్ కన్నీళ్ళు పెట్టుకోవడం చూస్తే గుండె కలుక్కుమంటుంది కానీ, ఆ నియమం సరైనదేనని నేను అనుకుంటున్నాను. అయితే హనాజోనో ఆ దేశపు రగ్బీ ఏడాదికి చివరి మెట్టు. అక్కడికి వచ్చిన కుర్రాడు అప్పటికే నెలల తరబడి ఆడి ఉంటాడు. గోపురం మీది కలశాన్ని చూసి, గుడి అంటే కలశమే అనుకుని దాన్ని నేల మీద నిలబెట్టినట్టుంది మన పద్ధతి.

నాకౌట్‌కు బదులు ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడే లీగ్ పెడితే అన్నీ బాగుపడతాయని కూడా నేను చెప్పడం లేదు. లీగ్‌కు దాని రోగాలు దానికున్నాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ పాఠశాలల పై డివిజన్‌లో 2018 డిసెంబరులో 10 పాఠశాలలు ఒక్కటై, సెయింట్ కెంటిగర్న్ అనే పాఠశాల మొదటి జట్టుతో 2019లో ఆడబోమని ప్రకటించాయి. ఇతర పాఠశాలల్లో అప్పటికే పేరు తెచ్చుకున్న ఆటగాళ్ళను ఆ పాఠశాల తన జట్టులోకి చేర్చుకుంటోందన్నది వాళ్ళ ఫిర్యాదు. చర్చలు జరిగి, చేరికల విషయంలో కట్టుబాట్లకు ఒప్పుకున్నాక ఆ తగవు తీరింది. పట్టికలో స్థానానికి విలువ పెరిగే కొద్దీ పిల్లల్ని కొనుక్కోవాలన్న ఆశ పెద్దలకు పుడుతుంది. చెన్నైలోనూ ఇతర ఆటల్లో ఫీజు మాఫీ, హాస్టల్ అంటూ ఆటగాళ్ళను లాగడం కొత్తేమీ కాదు. అందువల్ల కొత్తగా చేరిన విద్యార్థి మొదటి జట్టుకు ఆడే ముందు కొంత కాలం ఆగాలన్న నియమం, లీగ్ మొదలైన రోజునే రాసిపెట్టుకోవాలి. తగవు వచ్చాక రాసే నియమాన్ని ఎవరో ఒకరు తమ మీద కక్షగానే చూస్తారు.

డివిజన్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పెద్దల క్లబ్బు లీగ్‌లో పోయిన ఏడాది అడుగున నిలిచిన జట్టు కింది డివిజన్‌కు దిగడం న్యాయమే, ఎందుకంటే ఆ ఆటగాళ్ళలో చాలామంది మళ్ళీ వాళ్ళే ఉంటారు. పాఠశాల జట్టు అలాంటిది కాదు. పన్నెండో తరగతి పూర్తికాగానే జట్టులో సగం వెళ్ళిపోతుంది. అన్నలు ఓడినందుకు తమ్ముళ్ళు కింది డివిజన్‌లో ఆడవలసి రావడం, అన్నలు గెలిచినందుకు తమ్ముళ్ళు తమ శక్తికి మించిన జట్ల చేతిలో వారం వారం దెబ్బలు తినడం రెండూ అన్యాయమే. న్యూజిలాండ్ పాఠశాలల్లో దీనికి వాడుకలో ఉన్న ఉపాయం, సీజన్ మొదట్లో కొన్ని మ్యాచ్‌లు కేవలం బలాబలాలు చూడటానికి ఆడించి, ఆ తర్వాతే డివిజన్లు వేయడం. మన కబడ్డీలో చిన్న వయసుల వాళ్ళకు బరువు హద్దు పెట్టినట్టే అక్కడ కొన్ని పోటీల్లో బరువు హద్దులు కూడా ఉన్నాయి. రగ్బీలో ఇది కేవలం న్యాయానికి సంబంధించిన సంగతి కాదు. పంతొమ్మిదేళ్ళ లోపు వారి ఆటలో, రెండు జట్ల ఆటగాళ్ళు తలలు వంచి గుంపులుగా ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరుకు మించి నెట్టకూడదన్న నియమం ఉన్నదే మెడల మీద పడే భారాన్ని తగ్గించడానికి. 45 కిలోల కుర్రాడు 75 కిలోల కుర్రాడిని పదే పదే ట్యాకిల్ చేయవలసి వచ్చే మ్యాచ్‌ను డ్రా తీసే చీటీలే నిర్ణయిస్తున్నాయంటే, మనం ఆ కుర్రాడి మెడను అదృష్టానికి వదిలేస్తున్నామన్నమాట.

పాయింట్ల పద్ధతిలో నాకు బాగా నచ్చినది ఒలింపిక్స్ వంటి అంతర్జాతీయ సెవెన్స్ పోటీల గ్రూపు దశది. గెలిస్తే 3, సమమైతే 2, ఓడితే 1, మైదానానికి రాకపోతే సున్న. ఓడినవాడికి ఒక పాయింటు ఎందుకని మొదట నేను కూడా అనుకున్నాను. ఓడతామని తెలిసి కూడా పొద్దున్నే లేచి, బస్సెక్కి, జట్టును నిలబెట్టిన పాఠశాలకూ, ఓడతామని తెలిసి ఫోను చేసి రానన్న పాఠశాలకూ తేడా ఉండాలని మా పీటీ మాస్టారు వివరించాక, ఆ ఒక్క పాయింటే మన లీగ్‌కు ప్రాణమని అర్థమైంది. ఇక 15 మంది ఆడే రగ్బీలో చాలా లీగ్‌లు 7 పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు ఒక బోనస్ పాయింటు ఇస్తాయి. 20 పాయింట్లు వెనకబడిన జట్టు కూడా ఆఖరి నిమిషాల్లో పరిగెత్తడానికి అది ఒక కారణాన్నిస్తుంది.

ఇదంతా చెన్నైలో కుదురుతుందా అన్నది అసలు ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ఆడలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు మైదానాలు చెరువులవుతాయి. సెప్టెంబరులో క్వార్టర్లీ, డిసెంబరులో హాఫ్ ఇయర్లీ, మార్చిలో పది, పన్నెండు తరగతుల పబ్లిక్ పరీక్షలు ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే జూన్ చివరి నుంచి ఆగస్టు చివరి దాకా సుమారు పది శనివారాలు మిగులుతాయి. చాలా పాఠశాలలకు సొంత మైదానం లేదు కనుక ఇంటా బయటా ఆడే పద్ధతి కుదరదు, అందరూ ఒకే చోటికి రావాలి. ఆట 14 నిమిషాలు, మధ్య విరామం 2 నిమిషాలు, జట్లు మారడానికి మరో 4 వేసుకుంటే ఒక మ్యాచ్‌కు 20 నిమిషాలు చాలు. 8 పాఠశాలలు ఒకదానితో ఒకటి ఆడితే 28 మ్యాచ్‌లు. ఒక ఉదయం ఒక్కో జట్టు రెండేసి మ్యాచ్‌లు ఆడితే 8 మ్యాచ్‌లు, అంటే 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఆరున్నరకు మొదలుపెడితే ఎండ ముదిరేలోపు, తొమ్మిదీ పదికి, ముగుస్తుంది. నాలుగు శనివారాల్లో లీగ్ పూర్తవుతుంది. అతి బలహీనమైన పాఠశాల కూడా 14కు బదులు 98 నిమిషాలు ఆడుతుంది. 2025లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌ను చెన్నై బుల్స్ గెలిచాక మా వీధిలో కూడా ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి కనిపిస్తోంది. ఆ ఉత్సాహానికి నాలుగు శనివారాలు కేటాయించలేమా?

ఈ పట్టికను తీసుకుని పీటీ మాస్టారూ నేనూ కలిసి ఏడు పాఠశాలలకు వెళ్ళాం. రెండు చోట్ల గేటు దగ్గరే ఆపేశారు. ఒక చోట ప్రిన్సిపాల్ మేడం ఓపికగా విని, సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉంటుందా అని అడిగారు. లేదన్నాం. క్షమించమన్నారు. ఇంకొక చోట దెబ్బల భయంతో తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. వాళ్ళను నేను తప్పుపట్టను, మా అక్కను ఒప్పించడానికి నాకే ఆరు నెలలు పట్టింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం కలిగిన పిల్లవాణ్ణి ఆ రోజు మళ్ళీ మైదానంలోకి దించబోమని, ఆ నిర్ణయం కోచ్‌ది కాకుండా అక్కడున్న నర్సుదే అయ్యేలా చూస్తామని కాగితం మీద రాసి ఇచ్చాకే ఆమె సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ షరతు మా నియమాల్లో మొదటిది.

మిగిలిన మూడు పాఠశాలలు ఒప్పుకున్నాయి. మాతో కలిపి నాలుగు. ఎనిమిది జట్ల పట్టికను చించి, నాలుగు పాఠశాలలకు మళ్ళీ వేశాను. ఒక్కో పాఠశాల నుంచి రెండేసి జట్లు రావాలి, మొదటి జట్లు మొదటి జట్లతో, రెండో జట్లు రెండో జట్లతో ఆడాలి. ప్రతి జట్టూ మిగతా మూడింటితో రెండేసి సార్లు ఆడుతుంది, మూడు శనివారాల్లో ఒక్కో జట్టుకు 6 మ్యాచ్‌లు, 84 నిమిషాలు. రెండో జట్ల పాయింట్లను కూడా అదే పట్టికలో కలుపుతాం కాబట్టి ఏ మాస్టారూ రెండో జట్టును పక్కన పెట్టలేరు. ఫైనల్ లేదు. కప్పు కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మా మాస్టారు కొందామంటున్నారు, ఆ డబ్బుతో రెండు బంతులు వస్తాయని నేనంటున్నాను.

జూలై మొదటి శనివారం ఉదయం ఆరూ యాభైకి రెండో జట్ల మొదటి మ్యాచ్. పట్టిక నకలు ఒకటి మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. నిన్న రాత్రి చూస్తే, మిగతా ఐదు మ్యాచ్‌ల తేదీల కింద కూడా ఎవరో పెన్సిలుతో గీతలు గీశారు.